బడి వంతు

మా పాప ఒకటో తరగతిలో చేరిన జూన్ నుంచి జనవరి దాకా బడిలో ఒక్క మాట కూడా మాట్లాడలేదు. ఇంట్లో దాని నోటికి అడ్డులేదు. మేకపిల్లతో మాట్లాడేది, పొయ్యి మీద ఉడికే సంగటితో మాట్లాడేది, నిద్రలో కూడా ఎవరితోనో తగవు పెట్టుకునేది. అలాంటి పిల్ల బడి కంచె దాటగానే మూగదైపోతుందని నాకు దాదాపు ఎనిమిది నెలలు తెలియలేదు. మా వీధి పెద్దవాళ్లెవరూ బడి లోపలికి పోరు, పిల్లలు ఇంట్లో చెప్పలేదు, అందుకే తెలియలేదు.

మా ఊరు తమిళనాడులో, కంబైనల్లూరుకు మూడు కిలోమీటర్లు. మా వీధిలో అందరూ తెలుగు మాట్లాడతారు. ఎన్నో తరాల ముందు వచ్చి ఇక్కడ నిలబడిన కుటుంబాలు. ఇంట్లో తెలుగు, గడప దాటితే అరవం. చదువుకున్న వాళ్లకు కూడా వచ్చేది అరవ అక్షరాలే. నేను హోసూరు వైపు నుంచి కోడలిగా వచ్చినదాన్ని. అక్కడి బడిలో తెలుగు ఉండేది, కాబట్టి రాయడం వచ్చు. ఈ వీధి మొత్తానికి తెలుగు అక్షరాలు చదవగలిగేది నేనొక్కదాన్నే. అందుకే రాత్రిపూట రాసుకునే ఈ కాగితాలు ఎక్కడ పెట్టినా నాకు భయం లేదు.

బడి, మా వీధి మాటలో పళ్లికూడం, రోడ్డు పక్కన ఉంది. ఒక పొడుగాటి గది, ముందు వరండా, చుట్టూ నిలువుగా పాతిన రాతిపలకల కంచె. ఐదు తరగతులకు ఇద్దరే. హెడ్మాస్టర్ గారు పెద్ద తరగతులు చూసుకునేవారు. ఒకటి, రెండు టీచరమ్మవి. ఆమె పొద్దున తొమ్మిదిన్నర బస్సులో ధర్మపురి నుంచి వచ్చి సాయంత్రం నాలుగుంబావు బస్సులో పోయేది. మా వాళ్లకు బడితో పని పడితే కంచె బయట చెప్పులు విడిచి, అక్కడే నిలబడి పిలిచేవారు. ఆమె బయటికి వచ్చేది. రెండు మాటలయ్యాక వీళ్లు ఇటు, ఆమె అటు. బి.ఏ. చదివిన నేను కూడా చెప్పులు విడిచి కంచె దగ్గరే నిలబడేదాన్ని. అందరూ అక్కడే నిలబడేవారు, అంతే.

టీచరమ్మ మా వీధికి రాలేదని కాదు. బడి తెరవడానికి ముందు ఒకసారి నోటుబుక్కు పట్టుకుని వచ్చింది, ఐదేళ్లు నిండిన పిల్లల పేర్లు రాసుకోవడానికి. ఆ రోజుల్లో నోటుబుక్కుతో వీధిలోకి వచ్చే ఆడమనిషి అంటే మా వాళ్లకు ఒకటే అర్థం, పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్‌కు ఆడవాళ్లను రాసుకుపోయే మనిషి. టీచర్లకు కూడా ఆ పని అప్పజెప్పేవారు కాబట్టి అది ఉత్తి భయం కాదు. మొదటి ఇంటి తలుపు చప్పుడు విని రెండో ఇల్లు, అది విని మూడో ఇల్లు, అలా వీధి చివరిదాకా తలుపులు మూసుకుంటూ పోయాయట. మా అత్త మాత్రం అరుగు మీద దొరికిపోయింది. మా పాపను ఒళ్లో పెట్టుకునే, తమ ఇంట్లో బిడ్డలే లేరని చెప్పింది. టీచరమ్మ ఒళ్లోకి చూసింది. ఇది పక్కూరి బిడ్డ అన్నదట అత్త. నాకు ఇంకా ఒక్క పాపే. ఇప్పుడే నన్ను రాసుకుపోతే మనవడు ఎక్కడి నుంచి వస్తాడని ఆమె భయం.

మరునాడు నేనే పాపను తీసుకుపోయాను. హెడ్మాస్టర్ గారు కుడి చేయి తల మీదుగా వేసి ఎడమ చెవిని అందుకోమన్నారు, చెవి అందితే బడి ఈడు వచ్చినట్టు లెక్క. అందింది. పేరు రాసుకున్నారు. టీచరమ్మ నవ్వకుండా, ఈ బిడ్డ పక్కూరి నుంచి ఎప్పుడు వచ్చిందని నన్నడిగింది. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆ తర్వాత కంచె దగ్గరికి పోవడం కూడా తగ్గించాను.

జనవరి ఆఖరులో టీచరమ్మ ఎదురింటి పిల్లతో కబురు పంపింది, పాప తల్లిని రమ్మని. నేను చేస్తున్న పని వదిలేసి పోయాను. ఆమె కంచె దగ్గరికి వచ్చి మెల్లగా చెప్పింది. పాప పలక మీద చక్కగా రాస్తుంది, చెప్పిన పని చేస్తుంది, నోరు మాత్రం తెరవదు. హాజరు పిలిస్తే చేయి ఎత్తుతుంది. దాహమైతే కుండ వైపు చూస్తుంది. మొదట్లో సిగ్గు అనుకున్నదట. ఇప్పుడు భయంగా ఉందట. ఏప్రిల్ పరీక్షలో పుస్తకం చూసి పైకి చదవాలి. చదవకపోతే మళ్లీ ఒకటిలోనే ఉంచక తప్పదు. అంతకంటే ముందు చెవి, గొంతు చూపించడం మంచిదన్నది.

ఇంట్లో మాట్లాడుతుందని నేను చెప్పాను. ఆమె నా వైపు చూసిన చూపులో నమ్మకం లేదు. ఒళ్లో బిడ్డను పెట్టుకుని బిడ్డలే లేరన్న ఇల్లు కదా మాది.

ఆ వారమంతా నాకు అన్నం సహించలేదు. పాప ఆడుకుంటుంటే వెనక నుంచి కంచం కింద పడేసి చూశాను. ఉలిక్కిపడి తిరిగి, అమ్మ చేతిలో కంచం నిలవదని వాళ్ల అవ్వకు చెప్పడానికి పోయింది. చెవి బాగానే ఉంది. అత్త దిష్టి తీసి, మెడలో తాయెత్తు కట్టింది. మా ఆయన మాత్రం, మాట ఉండే బిడ్డే కదా, దానికి తోచినప్పుడు మాట్లాడుతుందిలే అన్నారు. ఆయనకు అన్నీ తోచినప్పుడే జరుగుతాయి. నేను పాపను తీసుకుని ధర్మపురి పెద్దాసుపత్రికి పోయాను. డాక్టరు చెవిలోకి లైటు వేసి చూస్తుంటే, ఆ లైటు ఇంటికి ఇస్తావా, మా మేకకు చెవిలో పురుగు ఉండాది అని తెలుగులోనే అడిగింది. ఆయనకు తెలుగు రాదు. ఏమంటుందని నన్నడిగి, నవ్వి, రేపో మాపో ఈమె నోరు మూయించమని నా దగ్గరికి వస్తారు చూడండి అన్నాడు.

ఆసుపత్రిలో కొత్త మనిషితో మాట్లాడింది. బస్సులో కండక్టరుతో మాట్లాడింది. బడిలోనే మాట్లాడదు. ఎందుకని అడిగితే కాళ్ల వేళ్లు చూసుకుంటుంది. టీచరమ్మ కొడుతుందా అని అడిగాను. లేదని తల ఊపింది. తిరుగు బస్సులో నా ఒళ్లో పడుకుని నిద్రపోయింది. నేను మాత్రం ఏప్రిల్‌కు ఎన్ని వారాలున్నాయో లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను.

ఇంతలో చింతపండు వచ్చింది.

మా వైపు ఫిబ్రవరి, మార్చి అంటే చింతపండే. కాయలు రాల్చి, ఎండబెట్టి, పెంకు ఒలిచి, ఈనెలు లాగి, ఒక్కొక్క పండునూ రాతి మీద పెట్టి చెక్క సుత్తితో కొట్టి గింజ తీయాలి. ఒక ఇంటి ఆడవాళ్ల వల్ల అయ్యే పని కాదు. అందుకని వీధిలో వంతులు వేసుకుంటారు. ఈరోజు మా ఇంటి పందిరి కింద అందరూ కూర్చుంటే రేపు ఎదురింట్లో, ఎల్లుండి ఆ పక్కింట్లో. ఇంటికొక మనిషి తప్పకుండా రావాలి. మా ఇంటికి వచ్చి కూర్చున్న ప్రతి మనిషికీ మేమొక దినం బాకీ. అది తీర్చకపోతే మరుసటి ఏడు మన పందిరి కిందికి ఎవరూ రారు. ఇంకొక కట్టుబాటు కూడా ఉంది. చింతపండు దగ్గర చేయి ఊరికే పెట్టుకుని ఎవరూ ఉండకూడదు. ఊరికే చూడ్డానికి వచ్చిన మనిషైనా సరే, కూర్చుని నాలుగు పండ్లు కొట్టి పోవాలి. పెళ్లి పిలుపుకు వచ్చినవాళ్లు కూడా మా అత్త చేతి నుంచి సుత్తి అందుకుని కొట్టి, ఆ తర్వాతే పత్రిక ఇవ్వడం నేను చూశాను.

పిల్లలు ఈనెలు లాగుతారు. వాళ్ల వేళ్లు సన్నం. కాబట్టి ఆ నెలల్లో మా వీధి పిల్లలు బడికి పోరు. ఒకటో తరగతిలో సగం మంది మా వాళ్లే. పాపను పంపుతానని నేను పట్టుబట్టాను కానీ, తోడు పోయే పిల్లలు లేక అది కదల్లేదు. రెండు రోజులు నేను తీసుకుపోయాను. మూడోనాడు అత్త, బడిలో కూర్చుని మాట్లాడకుండా ఉండేదానికి ఇక్కడే కూర్చుని ఈనె తీయనీ అన్నది. నేను ఊరుకున్నాను.

అయిదో రోజు మధ్యాహ్నం టీచరమ్మ హాజరుపట్టీ చంకలో పెట్టుకుని వీధిలోకి వచ్చింది. వంతు ఆ రోజు మాది. అందరూ మా పందిరి కిందే ఉన్నారు. తలుపులు వేసుకుందామన్నా పందిరికి తలుపు లేదు. పిల్లలు చింతపండు కుప్ప వెనక్కి దూరారు. ఆమె ఎండలో నిలబడి, పిల్లల్ని ఎందుకు పంపడం లేదని అడిగింది. ఎవరూ తలెత్తలేదు. సుత్తుల చప్పుడు మాత్రం జోరైంది.

మా అత్తకు అరవం తెలుగంత ధారాళం. చేయి ఆపకుండానే అరవంలో అన్నది.

"నిలబడుకోని అడిగితే ఎవురు చెప్తారు టీచరమ్మా? కూచో. చింతపండు కాడికి వచ్చినోళ్ల చేయి ఊరికే ఉండగూడదు."

ఆమె హాజరుపట్టీ అరుగు మీద పెట్టి, చీర కుచ్చిళ్లు సర్దుకుని, అత్త పక్కన చాప మీద కూర్చుంది. అత్త తన సుత్తి ఆమెకిచ్చి తాను ఇంకొకటి తీసుకుంది. మొదటి దెబ్బ పండు మీద పడింది, రెండోది బొటనవేలి మీద. ఎదురింటి చిన్నమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. టీచరమ్మ వేలు నోట్లో పెట్టుకుని తానూ నవ్వింది. ఆ నవ్వుతో పందిరి కింద గాలి ఆడినట్టయింది.

మాటలు మెల్లగా మొదలయ్యాయి. తనను చూస్తే తలుపులెందుకు వేసుకుంటారని ఆమె అడిగితే, చిన్నమ్మ దాచకుండా చెప్పేసింది. టీచరమ్మ ఆశ్చర్యపోలేదు. తనకు ఆ పని కూడా చెప్పారని, ఎవరినీ తేలేకపోయినందుకు ఏడాదంతా మాటలు పడ్డానని, ఆ రోజు తెచ్చిన నోటుబుక్కు మాత్రం నిజంగా పిల్లల పేర్లకేనని చెప్పింది. తనకు ఇద్దరు పిల్లలట. వాళ్లు తొప్పూరులో వాళ్ల అమ్మమ్మ దగ్గర ఉన్నారట. ఆదివారం పోయి చూసి వస్తుందట. ఇన్ని నెలలుగా మా పిల్లల్ని చూస్తున్న మనిషికి పిల్లలున్నారో లేదో కూడా మేము అడగలేదు. అత్త లోపలికి కేక వేసి ఆమెకు మజ్జిగ తెప్పించింది.

అప్పుడు మా పాప కుప్ప వెనక నుంచి వచ్చింది. టీచరమ్మ దెబ్బలు చూసి ఉండబట్టలేకపోయింది కాబోలు. నేరుగా పోయి ఆమె పక్కన గొంతుక్కూర్చుని, తెలుగులోనే మొదలుపెట్టింది.

"అట్ల కాదు టీచరు. పండు పక్కకు తిప్పి పెట్టల్ల. ఈనె ముందే పీకేయల్ల. లేకుంటే గింజ ఎగిరి కంట్లో పడ్తాది. మా అవ్వకు ఒగసారి పడింది. ఒక దినమంతా ఏడ్చింది."

"నేనెప్పుడు ఏడిస్తినే?" అన్నది అత్త.

టీచరమ్మ చేతిలో సుత్తి అలాగే ఉండిపోయింది. పాప ఆమె చేతిలో పండు తిప్పి పెట్టి, ఇప్పుడు కొట్టు అన్నది. ఆమె కొట్టింది. గింజ బయటికి వచ్చింది. పాప దాన్ని ఏరి బుట్టలో వేసి, ఇంకొక పండు తీసిచ్చింది. ఈనెల సంగతి, గింజల సంగతి, మేక చెవి సంగతి వరుసగా చెప్పుకుంటూ పోయింది. టీచరమ్మకు సగం అర్థమైనట్టుంది, సగం కాలేదు. ఆమె కళ్లలో నీళ్లు చూసి చిన్నమ్మ, గింజ పడిందా అని అడిగింది.

నేను ఇక ఆగలేకపోయాను. పాపను దగ్గరికి లాక్కుని, ఇక్కడ ఇంత మాట్లాడేదానివి పళ్లికూడంలో టీచరుతో ఎందుకు మాట్లాడవని అడిగాను. అది నా వైపు వింతగా చూసింది.

"నువ్వే గదమ్మా వద్దంటివి. మన మాట ఆడ మాట్లాడగూడదు, అందరూ నగుతారు, అరవమే మాట్లాడల్ల అంటివి. నాకు అరవం ఇంకా సరిగా రాదు గదా."

పందిరి కింద సుత్తులన్నీ ఒక్కసారిగా ఆగాయి.

నిజమే. బడిలో చేర్చిన రోజు పొద్దున తల దువ్వుతూ అన్నాను. అన్నానని కూడా మరిచిపోయాను. నాకు అది ఒక జాగ్రత్త మాట, పలక విరగ్గొట్టుకోకు అన్నట్టు. ఆ మాట నా నోటికి ఎందుకు వచ్చిందో కూడా నాకు తెలుసు. తెలుగు బడిలో చదివి, తర్వాత కాలేజీకి పోయినప్పుడు హాస్టల్లో నా అరవాన్ని ఒక్కొక్క ముక్కగా పట్టుకుని వెక్కిరించేవారు. మొదటి సంవత్సరం నేను తరగతిలో పేరు పిలిస్తే పలికేదాన్ని, అంతే. నాకు జరిగింది దానికి జరగకూడదనుకుని చెప్పాను. అదే దానికి జరిగేట్టు చేశాను.

"బి.ఏ. చదివిన అమ్మ చెప్తే బిడ్డ ఇనకుండా ఉంటాదా?" అన్నది అత్త. "నేనేమో తాయెత్తు కడ్తిని. కట్టాల్సింది దీని మెడకు కాదు."

నేను టీచరమ్మతో అరవంలో జరిగింది జరిగినట్టు చెప్పాను. నన్ను ఏమన్నా పడదామనుకున్నాను. ఆమె పాపను దగ్గరికి పిలిచి, పళ్లికూడంలో ఏ మాటైనా మాట్లాడవచ్చు, నేను ఒప్పుకుంటున్నాను అన్నది. నేను దాన్ని తెలుగులో చెప్పాను. పాప ఇద్దరి ముఖాలూ చూసి తల ఊపింది.

ఇక అయిపోయిందనుకున్నాను. మరునాడు పొద్దున నేనే తీసుకుపోయి వదిలాను. సాయంత్రం అడిగితే, చేయి ఎత్తినాను అన్నది. అంటే హాజరుకు మళ్లీ చేయే ఎత్తింది. ఆ మరునాడూ అంతే. ఎనిమిది నెలలు మూసిన నోరు ఒక్క అనుమతితో తెరుచుకోలేదు. పరీక్షకు ఆరు వారాలు కూడా లేవు.

శనివారం టీచరమ్మ మళ్లీ మా వీధికి వచ్చింది. ఈసారి ఎవరూ పిలవకముందే చాప మీద కూర్చుని సుత్తి అందుకుంది. కాసేపు కొట్టాక అసలు మాట చెప్పింది. తరగతిలో మీ పిల్లలందరూ ఎంతో కొంత ఇలాగే ఉన్నారు, మీ పాపది ఎక్కువ, మిగతా వాళ్లది తక్కువ, అంతే తేడా. నేను చెప్పేది వాళ్లకు సగమే అందుతుంది. మీ మాట తెలిసిన పెద్దమనిషి ఎవరైనా తరగతిలో కూర్చుంటే వాళ్లకు ధైర్యంగా ఉంటుంది.

నేను వెంటనే, నేనొస్తాను అన్నాను. ఆమె వద్దన్నది. మీరు కూర్చుంటే పాప పుస్తకం చూడదు, మీ ముఖం చూస్తుంది అన్నది. చురుక్కుమంది. కానీ నిజం. అప్పటికి నా ముఖం ఎలా ఉండేదో అద్దం చూస్తే నాకే తెలిసేది.

ఎవరు పోవాలన్నది తేలలేదు. రోజూ పోయే తీరిక ఎవరికుంది? అప్పుడు అత్త, అందులో ఆలోచించడానికేముంది అన్నట్టు చెప్పింది.

"వంతు పెట్టుకోండి. పళ్లికూడం కూడా ఒక ఇల్లే అనుకోండి. దినానికి ఒగ ఇంటి మనిషి పోతాది."

చిన్నమ్మ వెంటనే లెక్కలోకి దిగింది. వంతు అంటే బదులు ఉండాలి కదా, బడి మనకు బాకీ తీర్చేదెట్లా అని. అందరూ టీచరమ్మ వైపు చూశారు. ఆమెకు సంగతి అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక, శనివారాలు నాకు సెలవే, ఏ ఇంటి మనిషి వచ్చి కూర్చుంటుందో ఆ ఇంటి పందిరి కిందికి నేను వస్తాను అన్నది. నీ చేత్తో అయ్యే పని ఎంతలే అన్నది చిన్నమ్మ. అయినా ఒప్పందం కుదిరింది. పిల్లలను పొద్దున తప్పకుండా పంపాలి, ఈనెల పని సాయంత్రం బడి విడిచాకే. దానికి కొందరు గొణిగారు. వంతులో ఒకసారి తల ఊపాక వెనక్కి పోవడం లేదు కాబట్టి గొణిగినవాళ్లు కూడా పంపారు.

హెడ్మాస్టర్ గారు మొదట వెనకాడారు. బడిలో బయటి మనుషులు కూర్చుంటే, పైనుంచి ఎవరైనా వచ్చి అడిగితే ఏం చెప్పాలని. పిల్లలు వచ్చారు కదా సార్ అన్నదట టీచరమ్మ. ఆయన నిండిన తరగతిని చూసి, ఎవరైనా అడిగినప్పుడు చూద్దాంలే అన్నారట.

మొదటి వంతు మా అత్తది. వేరుశనక్కాయల చాట పట్టుకుని బయలుదేరింది. చేతిలో పని లేకుండా ఒకచోట కూర్చోవడం ఆమెకు రాదు. కంచె దగ్గర అలవాటుగా చెప్పులు విడిచి ఆగిపోయిందట. టీచరమ్మ వచ్చి చేయి పట్టుకుని లోపలికి తీసుకుపోయింది. ఈ ఊరికి అత్త కోడలిగా వచ్చి నలభై ఏళ్లు. ఆ గదిలో అడుగుపెట్టడం అదే మొదటిసారి.

లోపల ఏం జరిగిందో సాయంత్రం నాకు అత్త నుంచి ఒక రకంగా, పాప నుంచి ఒక రకంగా తెలిసింది. టీచరమ్మ పటం చూపించి ఒక మాట చెప్తే, అత్త వెనక నుంచి గట్టిగా దాన్ని తెలుగులో అనేది. పిల్లలు రెండూ అరిచేవారు. ఎద్దు పటం దగ్గర తగవు వచ్చింది. కొమ్ములు అట్లా ఉండవని అత్త, పుస్తకంలో అలాగే వేశారని టీచరమ్మ. ఆఖరికి టీచరమ్మ బోర్డు మీద అత్త చెప్పినట్టు కొమ్ములు దిద్దింది. ఒక పిల్ల మధ్యాహ్నం దాకా కాళ్లు దగ్గర పెట్టుకుని కూర్చుంటే, బయటికి పోవాలని అరవంలో అడగడం తెలియకే అని అత్త కనిపెట్టి తీసుకుపోయింది. ఏడాదంతా ఆ పిల్ల అలాగే ఓర్చుకున్నదేమోనని టీచరమ్మ చాలా బాధపడిందట.

మా పాప మాట్లాడిందా అని అడిగాను. లేదన్నది అత్త.

రెండో రోజు చిన్నమ్మ పోయింది. ఆమె ఇంటికి తిరిగి వచ్చేలోపే వీధి మొదట్లో పట్టుకుని అడిగాను. లేదు. మూడో రోజు ఇంకొక ఇంటి మనిషి. లేదు. మిగతా పిల్లలు మాట్లాడుతున్నారట. కొందరు మరీ ఎక్కువ మాట్లాడుతున్నారని దెబ్బలు కూడా పడ్డాయట. ఆ దెబ్బలు తిన్న పిల్లల తల్లులను చూస్తే నాకు అసూయ వేసేది. రెండు వారాలు గడిచాయి. ప్రతి సాయంత్రం ఆ రోజు వంతు పోయిన మనిషి కోసం నేను వీధి మొదట్లో నిలబడేదాన్ని. ఒక రోజు అత్త నన్ను లోపలికి పిలిచింది.

"ఆ నిలబడేది నిలిపేయ్. బిడ్డ కూడా చూస్తానే ఉండాది. ఈ దినం కూడా అమ్మకు లేదని చెప్తారే అని అది దిగులు పడ్తాది. నువ్వు అడిగేది మానితే దానికి ఒగ బరువు తగ్గతాది."

ఆ మాట తీసుకోవడం నాకు తేలిక కాలేదు. అయినా మానేశాను. సాయంత్రం వేళకు కావాలనే బట్టలు తీసుకుని బావి దగ్గరికి పోయేదాన్ని. పాప వస్తే, ఆకలేస్తుందా అని మాత్రం అడిగేదాన్ని. అది ఏమైనా చెప్తే వినేదాన్ని. చెప్పకపోతే లేదు. నోరు మూసుకోవడం ఎంత కష్టమో ఆ నెలలో నాకు బాగా తెలిసివచ్చింది.

శనివారాలు టీచరమ్మ తన మాట నిలబెట్టుకుంది. నాలుగు శనివారాల్లో నాలుగు పందిళ్లు. వేళ్లు నల్లబడిపోయి, అదే చేతులతో సోమవారం హాజరుపట్టీ పట్టుకునేది. ఆమె కొట్టిన పండులో సగం గింజలు మిగిలిపోయేవి. ఆమె పోయాక చిన్నమ్మ వాళ్లు మళ్లీ తీసేవారు. ఆ సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు.

పరీక్ష రోజున వంతు చిన్నమ్మది. చదివించేది హెడ్మాస్టర్ గారు. నేను ఇంట్లోనే ఉన్నాను. పొద్దుటి నుంచి ఒకే చోట కూర్చుని చింతపండు ముద్దలు చేస్తూనే ఉన్నాను. అత్త రెండుసార్లు వచ్చి చూసి పోయింది. మధ్యాహ్నం దాటాక చిన్నమ్మ నేరుగా మా ఇంటికే వచ్చింది. ఈసారి నేను అడగకముందే చెప్పింది.

పాప పేరు పిలిచారట. పోయి నిలబడిందట. పుస్తకం తెరిచి ఇచ్చి చదవమంటే చాలాసేపు పేజీ వైపు చూసిందట. హెడ్మాస్టర్ గారు పెన్ను కిందపెట్టి ఎదురుచూశారు. అప్పుడు నోరు తెరిచింది. పుస్తకంలో ఉన్నది అరవం. పాప మాత్రం ఒక్కొక్క వరుస మీద వేలు పెట్టి, దాన్ని తెలుగులో చెప్పుకుంటూ పోయిందట, ఆవు వచ్చింది, గడ్డి తినింది, దూడకు పాలు ఇచ్చింది అని. పేజీ చివరిదాకా ఆగలేదట.

హెడ్మాస్టర్ గారికి తెలుగు రాదు. ఇది చదవడమా కాదా అని ఆయన టీచరమ్మను అడిగారు. టీచరమ్మ చిన్నమ్మ వైపు చూపించి, ఈమెను అడగండి సార్ అన్నదట. చిన్నమ్మకు అక్షరం రాదు. పుస్తకంలో ఏముందో ఆమెకెలా తెలుస్తుంది? అందుకని టీచరమ్మ ఆ పేజీని అరవంలో ఒక్కొక్క వరుసగా పైకి చదివింది, పాప ప్రతి వరుసకూ తన మాట చెప్పింది, రెండూ ఒకటేనా అంటే చిన్నమ్మ ఒకటే ఒకటే అన్నది. మొదటి నుంచి చివరిదాకా. అక్షరం తెలియని మనిషి సాక్ష్యం మీద మా పాప పాసైంది. నోరు తెరవలేదని కదా అన్నారు, తెరిచింది, చదవకుండా అర్థమెట్లా తెలుస్తుంది, రెండో తరగతిలో కూర్చోనీ అని ఆయన రాసేశారట.

"నాకు మాత్రం చెమటలు పట్టె," అన్నది చిన్నమ్మ. "పరీక్ష దానిదా నాదా తెలీకపాయ."

నేను ఏడవలేదు. చేతులు జిగటగా ఉన్నాయి, కళ్లు తుడుచుకోవడానికి కూడా వీలు లేదు. పాప వెనకే వచ్చి, ఆకలేస్తుంది అన్నది. అన్నం పెట్టాను.

ఆ వంతు అలాగే ఎప్పటికీ సాగిందని రాస్తే అబద్ధం అవుతుంది. జూన్‌లో బడి తెరిచాక, వానలు పడి విత్తనాల పని మొదలయ్యేసరికి, దినానికొకరు వారానికి ఇద్దరయ్యారు. కొందరు పూర్తిగా మానుకున్నారు. అయినా ఈ రెండేళ్లలో ఒకటో తరగతి పిల్లల పక్కన మా వీధి మనిషి ఎవరూ లేని వారం లేదు. చింతపండు నెలల్లో పిల్లలు పూర్తిగా మానడం పోయింది, సగం మానడం ఉంది. కంచె దగ్గర నిలబడి పిలిచేవాళ్లు ఇంకా ఉన్నారు. టీచరమ్మకు తెలుగు కొంచెం వచ్చింది. వచ్చిన దానిలో ఎక్కువ భాగం మా అత్త తిట్లే.

నాకు వంతు దొరికింది ఆ జూన్‌లోనే, గురువారాలు. ఇక మీరు కూర్చోవచ్చు అని టీచరమ్మ కబురు పంపింది. ఒకటి, రెండు తరగతులు ఆ గదిలో ఒకే వైపు, మధ్యలో బెంచీ ఒక్కటే అడ్డం. మొదటి గురువారం నేను ఒకటో తరగతి వెనక గోడకు ఆనుకుని కూర్చుని, వేరుశనక్కాయలు ఒలుస్తూ, కొత్తగా చేరిన పిల్లలకు టీచరమ్మ మాటలు తెలుగులో చెప్తున్నాను. బెంచీకి అవతల మా పాప ఉంది. దాని వైపు చూడకూడదని ఇంట్లోనే నిశ్చయించుకుని వచ్చాను. టీచరమ్మ రెండో తరగతిని ఏదో అడిగింది. మూడు నాలుగు గొంతులు ఒకేసారి లేచాయి. వాటిలో ఒకటి అరవంలో మొదలై సగంలో మాట దొరక్క, తెలుగులోకి తిరిగి, అలాగే చివరిదాకా పోయింది. ఎవరూ నవ్వలేదు. నా ముందున్న చిన్నపిల్ల నా కొంగు లాగి, తనకూ ఒక కాయ ఇమ్మని అడిగింది. ఒలిచి ఇచ్చాను.